ఆయన బదులు ఎవరు వెళ్ళారు?

సంపాదకులకు నమస్కారములు.

గత ఆదివారం మీ పత్రికలో వియత్నాం యుద్ధం గురించి వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. యుద్ధ విశేషాలు వ్యాసకర్త చక్కగానే చెప్పారు గాని, సైన్యంలోకి రమ్మని పిలుపు వచ్చినా వెళ్ళని అమెరికన్ యువకులందరినీ ఒకే గాటన కట్టి, 'పిరికిపందలు' అని ఒక్క మాటతో తేల్చేసిన తీరు నాకు బాధ కలిగించింది. జైలుకు సిద్ధపడి కోర్టు బోనెక్కినవాడూ, తెలిసిన డాక్టరు చేత లేని జబ్బు రాయించుకుని ఇంట్లో కూర్చున్నవాడూ ఒకటే ఎలా అవుతారు? ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ విద్యార్థులకు ఆధునిక ప్రపంచ చరిత్ర చెప్పినవాడిగా ఆ తేడా చెప్పకుండా ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడవైనందుకు మన్నించగలరు.

ఊరుకోలేకపోవడానికి ఇంట్లో పుట్టిన కారణం కూడా ఒకటి ఉంది. న్యూజెర్సీలో ఉంటున్న మా అమ్మాయి కొడుకుకి ఈ మధ్యనే పద్దెనిమిదేళ్ళు నిండాయి. అమెరికాలో 1973 నుంచి నిర్బంధ సైనిక సేవ లేకపోయినా, 1980 నుంచి పేర్ల నమోదు మాత్రం మళ్ళీ మొదలైంది. 18 ఏళ్ళు నిండి 26 ఏళ్ళు రాని మగపిల్లలు, పౌరులే కాకుండా గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు కూడా, 'సెలెక్టివ్ సర్వీస్' అనే ప్రభుత్వ సంస్థ జాబితాలో ఉండాలి. హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళకు ఈ నియమం వర్తించదు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో చాలామంది దీన్ని కాలేజీ దరఖాస్తుల మధ్య ఇంకొక దరఖాస్తుగానే చూస్తారు. మావాడు అలా చూడలేదు. నమోదైనట్టు పోస్టులో వచ్చిన కార్డును ఫోనులో నాకు చూపించి, "తాతయ్యా, రేపు నిజంగా పిలిచారనుకో, ఆ యుద్ధం తప్పని నాకు అనిపించిందనుకో, వెళ్ళకపోతే నేను పిరికివాణ్ణవుతానా?" అని అడిగాడు. నాకు వెంటనే జవాబు రాలేదు. మీ వ్యాసం ఆ వారంలోనే వచ్చింది.

వియత్నాం కాలంలో అక్కడ పిలుపు ఎలా వచ్చేదో ముందు తెలుసుకోవాలి, ఎందుకంటే ధర్మసంకటం అంతా ఆ ఏర్పాటులోనే ఉంది. దేశమంతటా సుమారు 4,000 స్థానిక డ్రాఫ్టు బోర్డులు, అంటే నిర్బంధ సైనిక సేవకు మనుషులను ఎంపిక చేసే సంఘాలు, ఉండేవి. నెలనెలా ఎంతమంది కావాలో సైన్యం చెప్పేది, ఆ సంఖ్యను రాష్ట్రాలకూ అక్కడి నుంచి బోర్డులకూ వంతుల వారీగా పంచేవారు. ఊరి పెద్దలనదగిన కొద్దిమంది కూర్చుని ఎవరు వెళ్ళాలో, ఎవరు ఆగవచ్చో నిర్ణయించేవారు. ఆ పెద్దలలో నల్లజాతివారు 1960ల నడుమ దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు. 1966లో ఒక్క ఏడాదిలోనే సుమారు 3,82,000 మందిని ఇలా సైన్యంలోకి తీసుకున్నారు. బోర్డు వంతు పదిమంది అయితే పదిమందినీ పంపవలసిందే. ఒకడికి మినహాయింపు ఇస్తే, జాబితాలో వాడి తరువాతివాడు వెళ్ళాలి. మీ వ్యాసకర్త ఒక్కసారి కూడా ప్రస్తావించని విషయం ఇదే. ఒకడు వెళ్ళనంత మాత్రాన యుద్ధానికి ఒక మనిషి తగ్గలేదు, ఆ స్థానంలో మనిషి మారాడు.

మినహాయింపులు ఎవరికి దొరికాయి? కాలేజీలో పూర్తికాలం చదివేవాడికి చదువు ముగిసేదాకా వాయిదా దొరికింది. ఇంటి డాక్టరు ఉన్నవాడికి చిన్ననాటి ఆస్తమా కాగితం దొరికింది. పలుకుబడి ఉన్నవాడికి నేషనల్ గార్డులో, అంటే రాష్ట్రాల రిజర్వు సైన్యంలో, చోటు దొరికింది, అందులో ఉన్నవాళ్ళను వియత్నాం పంపడం చాలా అరుదు. ఆ కాలంలో సైనిక వయసుకు వచ్చిన మగవాళ్ళు సుమారు 2 కోట్ల 70 లక్షల మంది కాగా, వారిలో కోటిన్నర మందికి పైగా వాయిదాతోనో, మినహాయింపుతోనో, అనర్హతతోనో చట్టబద్ధంగానే బయట ఉండిపోయారు. నిర్బంధంగా తీసుకున్నది సుమారు 22 లక్షల మందిని. మరోవైపు 1966లో రక్షణమంత్రి రాబర్ట్ మెక్‌నమారా ఒక పథకం పెట్టి, అంతకుముందు తెలివితేటల పరీక్షలో తప్పినందుకు తిప్పి పంపిన యువకులను కూడా తీసుకోవడం మొదలుపెట్టాడు. ఆ పథకం కింద మూడు లక్షల మందికి పైగా చేరారు. చదువుకున్నవాడికి తలుపు తెరిచి, చదువు రానివాడి వెనక తలుపు మూసిన ఏర్పాటు అది.

ఈ ఏర్పాటు ముఖం ఎలా ఉండేదో ఒక అమెరికన్ పాత్రికేయుడు 1975లో తన సొంత అనుభవంగా రాసి ఒప్పుకున్నాడు. అతడు హార్వర్డ్ విద్యార్థి. సైనిక వైద్యపరీక్షకు పిలుపు రాగానే తిండి మానేసి, ఆరడుగులు దాటిన మనిషి 120 పౌండ్లకు, అంటే మన లెక్కలో 54 కిలోలకు, దిగిపోయాడు. పరీక్ష బోస్టన్ నౌకాకేంద్రంలో జరిగింది. వైద్యుడి ముందు ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయని చెప్పాడు, వైద్యుడు 'అనర్హుడు' అని రాశాడు. అతనితో వచ్చిన విశ్వవిద్యాలయపు కుర్రాళ్ళలో చాలామందికి అలాగే రాశారు. వాళ్ళ పని ముగుస్తుండగా చెల్సీ అనే కార్మికవాడ నుంచి బస్సులు వచ్చాయి. అందులోంచి దిగిన కుర్రాళ్ళు హైస్కూలు ముగించి పనుల్లో కుదురుకుంటున్నవాళ్ళు. డాక్టరు ముందు ఏం చెప్పాలో, ఏ కాగితం చూపాలో వాళ్ళకు నేర్పినవాళ్ళు లేరు. గొడ్లను దొడ్లోకి తోలినట్టు వాళ్ళు ఆ వరుసల్లో నడిచి వెళ్ళిపోయారు. ఆ రోజు తనకు కలిగిన ఉపశమనం కింద ఉన్నది సిగ్గు అని తెలుసుకోవడానికి కొంతకాలం పట్టిందని ఆ పాత్రికేయుడు రాసుకున్నాడు. ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా మా తరగతిలో ఎవరో ఒక పిల్లవాడు లేచి, "మరి అతను యుద్ధానికి వ్యతిరేకే కదా సార్, చేసింది తప్పెలా అవుతుంది?" అనేవాడు. మంచి ప్రశ్నే.

ఆ ప్రశ్నలోని బలాన్ని నేను తక్కువ చేయదలచుకోలేదు. యుద్ధం అన్యాయమైనదైతే అందులోకి వెళ్ళడం కూడా అన్యాయమే. 1968 మార్చి 16న వియత్నాంలోని మైలాయ్ గ్రామంలో వందలాది మంది ముసలివాళ్ళను, ఆడవాళ్ళను, పసిపిల్లలను చంపిన చేతుల్లో నిర్బంధంగా చేర్చిన కుర్రాళ్ళ చేతులు కూడా ఉన్నాయి. ఆ యుద్ధంలో అమెరికా పోగొట్టుకున్నది 58,220 మందిని, వియత్నాం ప్రజలు పోగొట్టుకున్నది లక్షల్లో. అటువంటి చోటికి వెళ్ళకపోవడం వల్ల ఒకడు కనీసం తన చేతులకు రక్తం అంటకుండా చూసుకున్నాడు. తన బదులు ఇంకొకణ్ణి పంపింది ప్రభుత్వమేగాని తాను కాదని కూడా అతడు వాదించవచ్చు. ఇంతవరకు నేను ఒప్పుకుంటాను. కానీ వెళ్ళకుండా ఉండటానికి ఆ హార్వర్డ్ విద్యార్థి చెప్పినది అబద్ధం. ఆ యుద్ధం తప్పు అన్న మాట అతడు వీధిలో ఊరేగింపులో అన్నాడు, చెప్పవలసిన బల్ల ముందు మాత్రం అనలేదు. అక్కడ అతడు చెప్పింది తన బరువు గురించి, తన మనసు బాగోలేదని. చెల్సీ కుర్రవాడు ఎక్కిన బస్సు ఆ అబద్ధం వల్ల ఆగలేదు. ఒకవేళ ఆ విశ్వవిద్యాలయపు కుర్రాళ్ళంతా ఆ రోజున "మేము ఆరోగ్యంగా ఉన్నాం, అయినా రాము, జైలుకు పంపండి" అని ఉంటే, వాళ్ళ తండ్రులు న్యాయవాదులూ బ్యాంకర్లూ కనుక, ఆ యుద్ధం గురించి వాషింగ్టన్‌లో మాట్లాడే తీరు త్వరగా మారి ఉండేదని నా నమ్మకం.

అలా చెప్పినవాళ్ళు ఉన్నారు. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్ నగరంలో సైన్యంలోకి చేర్చుకునే కేంద్రంలో యువకులను వరుసగా నిలబెట్టి ఒక్కొక్కరి పేరు పిలిచారు. పేరు పిలవగానే ఒక అడుగు ముందుకు వేయాలి, ఆ అడుగుతో మనిషి సైనికుడైపోతాడు. ప్రపంచ హెవీవెయిట్ విజేత ముహమ్మద్ అలీ పేరు పిలిచినప్పుడు ఆయన కదలలేదు. నిరాకరిస్తే శిక్ష ఏమిటో పక్కకు తీసుకెళ్ళి చెప్పి, మళ్ళీ పిలిచారు. అప్పుడూ కదలలేదు. అంతకు మూడేళ్ళ ముందు ఇదే సైన్యం ఆయనను తెలివి పరీక్షలో తప్పాడని వద్దంది, తరువాత ప్రమాణాలు తగ్గించి రమ్మంది. ఆయనకు అయిదేళ్ళ జైలు, పదివేల డాలర్ల జరిమానా విధించారు. బిరుదు లాక్కున్నారు, పాస్‌పోర్టు తీసుకున్నారు, ఇరవై అయిదేళ్ళ వయసులో మూడున్నరేళ్ళు బరిలోకి దిగనివ్వలేదు. 1971 జూన్‌లో సుప్రీంకోర్టు శిక్ష కొట్టివేసింది గాని, అది కూడా బోర్డు నిర్ణయంలోని సాంకేతిక లోపం మీదనే. పోయిన ఏళ్ళు తిరిగి రాలేదు. ఈయనను పిరికివాడనగలమా? మతవిశ్వాసంతో ఆయుధం పట్టనని చెప్పి, అయినా వైద్య సహాయకుడిగా యుద్ధభూమికి వెళ్ళి, గాయపడినవాళ్ళను మోస్తూ 1969 ఫిబ్రవరిలో వియత్నాంలో ప్రాణం విడిచిన థామస్ బెన్నెట్‌ను ఏమనాలి? ఆయనకు మరణానంతరం ఆ దేశపు అత్యున్నత శౌర్య పతకం ఇచ్చారు. వ్యాసకర్త వీళ్ళిద్దరినీ తలుచుకుని ఉంటే ఆ ఒక్క మాటతో సరిపెట్టి ఉండేవారు కాదు.

ఇంకొక వైపున అమెరికన్ రాజకీయ నాయకుడు డిక్ చేనీ ఉన్నారు. ఆయన అయిదుసార్లు వాయిదా తెచ్చుకున్నారు, ఆ కాలంలో తనకు వేరే ప్రాధాన్యాలు ఉండేవని తరువాత చెప్పుకున్నారు. ఆ యుద్ధాన్ని వ్యతిరేకించి ఆగిపోయినవారు కాదాయన. అదే మనిషి 1991లో రక్షణమంత్రిగా, 2003లో ఉపాధ్యక్షుడిగా ఇతరుల పిల్లలను ఇరాక్ మీదికి పంపారు. చట్టం ప్రకారం ఆయన చేసినదానిలో తప్పు వెదకలేం. నా దృష్టిలో మాత్రం, యుద్ధం సరైనదని నమ్ముతూ తాను మాత్రం తప్పుకున్నవాడి కంటే, తప్పని నమ్మి తిండి మానేసిన ఆ హార్వర్డ్ కుర్రవాడు ఎంతో నయం. తరువాతనైనా అతడు తన సిగ్గును నలుగురిలో ఒప్పుకున్నాడు.

చట్టం చేసిన తప్పును కూడా ఇక్కడే చెప్పాలి. ఏ యుద్ధంలోనూ పాల్గొననని అంతరాత్మ సాక్షిగా చెప్పినవాడికి అమెరికా చట్టం మినహాయింపు ఇచ్చింది. దైవభక్తి లేకపోయినా, నైతిక విశ్వాసం అంత గాఢంగా ఉంటే చాలునని 1970లో సుప్రీంకోర్టు విశాలంగానే చెప్పింది. కానీ "హిట్లర్ మీద అయితే వెళ్ళేవాణ్ణి, ఈ యుద్ధానికి వెళ్ళను" అనేవాడి సంగతేమిటి? 1971 మార్చిలో గిల్లెట్ అనే అతని కేసులో ఎనిమిది మంది న్యాయమూర్తులు ఒకవైపు, ఒక్కరు మరోవైపు నిలిచి, అలాంటివాడికి మినహాయింపు లేదని తేల్చారు. ఆ కేసుతో కలిపి విన్న మరో కేసులోని వ్యక్తి భక్తిపరుడైన క్యాథలిక్. న్యాయమైన యుద్ధం వేరు, అన్యాయమైన యుద్ధం వేరు అని అతని మతమే శతాబ్దాలుగా చెబుతోంది. మంచిచెడ్డలు విచారించి ఫలానా యుద్ధం తప్పు అని చెప్పేవాడు అన్ని యుద్ధాలూ తప్పని అబద్ధం చెప్పాలి, లేదా జైలుకు వెళ్ళాలి, లేదా దేశం విడవాలి. నిజం చెప్పినవాడికి దారి మూసి, అబద్ధం చెప్పగలవాడికి తెరిచిన చట్టం అది. అలా విసిగి కెనడా చేరిన యువకులు ముప్పై నలభై వేల మంది ఉంటారని అంచనా. ఇల్లూ వాకిలీ, తల్లిదండ్రుల చివరిచూపు వదులుకుని వెళ్ళినవాళ్ళను నేను అలీ పక్కన నిలబెట్టను, కాని వాళ్ళు ఏ మూల్యమూ చెల్లించలేదని అనడానికి కూడా నోరు రాదు.

క్షమాభిక్షలో సైతం తేడా చూపించారు. 1974 సెప్టెంబరు 8న అధ్యక్షుడు ఫోర్డ్ తన ముందటి అధ్యక్షుడు నిక్సన్‌కు ఏ షరతూ లేకుండా క్షమాభిక్ష పెట్టాడు. ఎనిమిది రోజుల తరువాత, సైన్యానికి వెళ్ళని యువకులు రెండేళ్ళ వరకు ప్రజాసేవ చేస్తే క్షమిస్తామని ప్రకటించాడు. 1977 జనవరి 21న, పదవి చేపట్టిన మరునాడే, సైన్యం పిలుపును తిరస్కరించినవారికి అధ్యక్షుడు కార్టర్ పూర్తి క్షమాభిక్ష ఇచ్చాడు, కానీ సైన్యంలో చేరి తరువాత పారిపోయినవారికి అది వర్తించలేదు. ముందే తప్పుకునే తెలివీ దారీ ఉన్నవాడికి క్షమాపణ దొరికింది. అక్కడికి వెళ్ళి, కళ్ళారా చూసి, ఇక చేయలేనని వచ్చేసిన పేదవాడికి దొరకలేదు. నాకు ఇది అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి.

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. రెండవ ప్రపంచయుద్ధంలోకి మనలను అడగకుండానే బ్రిటిషువారు దించినప్పుడు గాంధీజీ వ్యక్తి సత్యాగ్రహం ప్రారంభించారు. 1940 అక్టోబరు 17న పౌనార్‌లో వినోబా భావే మొదటి సత్యాగ్రహిగా, ఆ యుద్ధానికి మనుషులతోగాని డబ్బుతోగాని సాయపడటం తప్పని ప్రసంగించి అరెస్టయ్యారు. ఏ రోజు, ఏ చోట మాట్లాడబోతున్నాడో సత్యాగ్రహి ముందుగానే జిల్లా అధికారికి రాసి తెలపాలన్నది అందులోని నియమం. మన ప్రకాశం పంతులుగారూ అలాగే జైలుకు వెళ్ళారు. ఇదే గాంధీజీ 1918లో ఖేడా జిల్లా ఊళ్ళు తిరిగి బ్రిటిషు సైన్యానికి మనుషులను చేర్చే ప్రయత్నం చేసిన సంగతి కూడా దాచకూడదు. ఆలోచన మారవచ్చు, కాని రెండుసార్లూ ఆయన తన మాట వీధిలో నిలబడి చెప్పారు.

మా తాడేపల్లిగూడెం పక్కనే ఉన్న మాధవరాన్ని అందరూ 'మిలిటరీ మాధవరం' అంటారు. రెండు ప్రపంచయుద్ధాలకూ ఆ ఊరి నుంచి మనుషులు వెళ్ళారు, ఈనాటికీ ఏ ఇంటికి వెళ్ళినా యూనిఫాంలో దిగిన ఫోటో ఒకటి గోడమీద కనబడుతుంది. నా చిన్నతనంలో ఆ ఊరి ముసలి హవల్దారు ఒకాయన మా అరుగు మీద కూర్చుని బర్మా కబుర్లు చెప్పేవారు. సత్యాగ్రహం చేసి జైలుకు వెళ్ళినవాళ్ళ మాట వస్తే, "వాళ్ళు చెప్పి మరీ వెళ్ళారయ్యా, మేమూ చెప్పే వెళ్ళాం" అనేవారు. ఆ మాటలో వెటకారం లేదు. వెళ్ళినవాడికి వెళ్ళననివాడి మీద గౌరవం ఎందుకు ఉంటుందో నాకు తెలిసింది ఆ అరుగు మీదనే, తరువాత చదివిన పుస్తకాలలో కాదు.

"ప్రతివాడూ తనకు నచ్చిన యుద్ధానికే వెళతానంటే దేశాన్ని ఎవరు కాపాడతారు?" అని మీ పాఠకులలో కొందరైనా అడుగుతారు. సరిహద్దులో కొడుకు ఉన్న తల్లి ఆ మాట అడిగితే నేను తల వంచి వింటాను. కాని వియత్నాం కాలంలో బహిరంగంగా నిరాకరించి, నేరం రుజువై శిక్షపడినవారు సుమారు 8,750 మంది, జైలుకు వెళ్ళినవారు 3,250 మంది. చట్టబద్ధంగా తప్పుకున్న కోటిన్నర మంది పక్కన ఈ సంఖ్య ఎంత? దేశరక్షణకు ముప్పు తెచ్చేది నిలబడి 'రాను' అనే ఆ గుప్పెడుమంది అని నేను అనుకోను. తన యుద్ధం న్యాయమైనదని ప్రజలను ఒప్పించలేని ప్రభుత్వం, వాళ్ళను ఒప్పించే బదులు లేనివాళ్ళ పిల్లలను వెదికి తీసుకుపోవడమే అసలు ముప్పు. 1969 డిసెంబరు 1న గాజు పాత్రలో 366 నీలిరంగు గొట్టాలు వేసి పుట్టినరోజుల లాటరీ తీసింది ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికే. ఏ తేదీ ముందు వస్తే ఆ రోజున పుట్టినవాళ్ళకు పిలుపు ముందు. మొదట వచ్చిన తేదీ సెప్టెంబరు 14. అందులో కూడా గొట్టాలను సరిగా కలపక, ఏడాది చివరి నెలల్లో పుట్టినవాళ్ళ తేదీలే ఎక్కువగా ముందు వచ్చాయని గణాంక నిపుణులు తేల్చారు.

చివరికి మా మనవడికి నేను ఇవన్నీ చెప్పి, పిరికితనం వెళ్ళకపోవడంలో లేదు, వెళ్ళనని చెప్పవలసినచోట వేరే కారణం చెప్పడంలో ఉంది అన్నాను. నమోదు ఫారంలో అంతరాత్మ అభ్యంతరం రాయడానికి గడి కూడా లేదని వాడు చెప్పాడు. అది నిజమే, నిర్బంధ సేవ మళ్ళీ వస్తే తప్ప ఆ మాట వినే నాథుడు లేడు. పదిరోజుల తరువాత వాడు చేత్తో రాసిన ఒక కాగితం నకలు నాకు పంపాడు. తాను ఎలాంటి యుద్ధానికి వెళతాడో, ఎలాంటిదానికి వెళ్ళడో, వెళ్ళనప్పుడు ఏ డాక్టరు కాగితమూ తెచ్చుకోకుండా ఆ మాటే చెబుతానని అందులో రాసి, తేదీ వేసి సంతకం చేశాడు. అసలు కాగితాన్ని తేదీ ముద్ర పడేందుకు తన చిరునామాకే పోస్టు చేసుకున్నాడట. 1971 తీర్పు ప్రకారం ఈ కాగితం చెల్లదురా అన్నాను. "తెలుసు తాతయ్యా, చెల్లడానికి రాయలేదు" అన్నాడు.

మీ వ్యాసకర్త మళ్ళీ ఈ విషయం మీద రాసేటట్లయితే, 'పిరికిపందలు' అన్న మాట వాడబోయే ముందు ఈ కాగితం ఒకసారి చదవవలసిందిగా మీ ద్వారా కోరుతున్నాను. అడిగితే నకలు పంపగలను.

భవదీయుడు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
తాడేపల్లిగూడెం.